కథ రాశాక మొదలయ్యే పని

(యువ రచయితల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన గురించి చాలాకాలంగా ఇతరులే రాస్తున్నారు. వార్తల్లో తాండా అంటే నాటుసారా, లేదంటే పసిపాపల అమ్మకం. సినిమాలో అయితే అద్దాల బట్టలు, ఒక పాట. మనం బతికే బతుకు ఈ రెండింటిలోనూ కనపడదు. అది కనపడాలంటే మనమే రాయాలి. రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ఢావ్లో'కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తాండా కథను ఎవరు చదువుతారు అనే మాట ఇక చెల్లదు.

అయితే రాయడం సగం పనే. మిగతా సగం దిద్దడం. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

కథ పూర్తికాగానే ఫోన్‌లోంచి ఎవరికీ పంపకండి. రెండు వారాలు పక్కన పెట్టండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి పైకి చదవండి. మన కథలు తరతరాలుగా చెవితో విన్నవే. వినేవాళ్లు "తర్వాత ఏమైంది?" అంటే అక్కడ కథ నడుస్తున్నట్టు. నీళ్లు తాగడానికి లేచారంటే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. దిద్దాల్సిన చోటు అదే.

మన కొత్త కథల్లో ఎక్కువగా కనిపించే బరువు వివరణ. "మా లంబాడీలలో అమ్మను యాడి అంటారు" అని రాస్తాం. ఇది ఎవరికి చెబుతున్నాం? తాండా పిల్లకు ఇది తెలుసు. బయటి పాఠకుడికి పాఠం చెబితే కథ ఆగిపోతుంది. దాని బదులు, "యాడీ, ఆకలే అని వాడు ఏడిస్తే, గుడ్డలో చుట్టి దాచిన చివరి బాటి తీసి చేతిలో పెట్టింది" అనండి. యాడి ఎవరో, బాటి ఏమిటో అందరికీ తెలిసిపోతుంది. మన మాటలు ఉంచండి, వాటి మీద కప్పిన వివరణ తీసేయండి. గోర్ బోలికి అందరూ వాడే సొంత లిపి లేదు. తెలుగు లిపిలో రాసేటప్పుడు ఒక మాటను ఒకే రకంగా, కథ చివరిదాకా రాయండి.

రెండోది, మొదలు. తాండా చుట్టూ గుట్టలు, చెరువు, చెట్లు వర్ణిస్తూ ఒక పేజీ గడిచిపోతుంది. తెలంగాణలో 2018లో చాలా తాండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. దాని మీద కథ రాస్తే చట్టం వివరాలతో మొదలుపెట్టకండి. మొదటిసారి సర్పంచ్ అయిన ఆడమనిషి, చెక్కు మీద సంతకం పెట్టబోతుంటే పక్కన మొగుడు చెయ్యి చాపిన చోట మొదలుపెట్టండి.

మూడోది కష్టమైనది. అప్పు ఇచ్చి పొలం రాయించుకున్నవాడు బయటి షావుకారే కానక్కర్లేదు, మనవాడే కావచ్చు. "మన పరువు మనమే తీస్తామా?" అని అడుగుతారు. మనవాళ్ల తప్పు దాచిన కథను మనవాళ్లే నమ్మరు. కానీ నిజమైన మనిషి పేరు, ఇల్లు, గుర్తుపట్టే వివరాలు మార్చండి. ఒక ఆడపిల్ల మనతో చెప్పుకున్న బాధను ఆమెను అడగకుండా అచ్చుకివ్వకండి. ఆమె రేపు కూడా అదే తాండాలో బతకాలి.

ఇక ప్రచురణ. పంపే ముందు ఆ పత్రిక సంచికలు రెండు మూడు చదవండి. 'సారంగ', 'ఈమాట' వంటి అంతర్జాల పత్రికలు ఫోన్‌లోనే దొరుకుతాయి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథల గని. పాత కథలు అక్కడ చదవండి. కథను యూనికోడ్‌లో టైపు చేయండి. ఒకసారి ఒక పత్రికకే పంపి, జవాబు కోసం ఆగండి.

ఎడిటర్ "ఇక్కడ అర్థం కాలేదు" అంటే కోపం వద్దు, ఆ చోటు మళ్లీ చూడండి. "యాడి తీసేసి అమ్మ అని పెట్టండి" అంటే మాత్రం, ఆ మాట ఎందుకు ఉండాలో మర్యాదగా నాలుగు వాక్యాల్లో రాయండి. ఒప్పుకోకపోతే కథ వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. తిరిగొచ్చిన కథ చెడ్డ కథ అని కాదు. మరోసారి చదివి, మరో చోటికి పంపండి.

హక్కుల సంగతి కూడా తెలిసుండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు సొంతంగా రాసిన కథ మీద హక్కు రాసినప్పటి నుంచే మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కు వేరేవాళ్లకు ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతోనే ఇవ్వాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లకే చెల్లుతుంది. సినిమా హక్కులు కూడా అందులో కలిపి రాశారేమో చూసుకోండి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మన తాతలు భూములు పోగొట్టుకున్నది అలాంటి కాగితాల మీదే. పుస్తకం వేసుకుంటే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం. దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

వచ్చే తీజ్ లోపు ప్రతి ఒక్కరూ ఒక్క కథను మూడుసార్లు దిద్ది తీసుకురండి. కొత్తది అక్కర్లేదు, పెట్టెలో పడి ఉన్నదే చాలు. అందరం కూర్చుని వింటాం. ఎక్కడ లేచి నీళ్లు తాగాలనిపించిందో మొహమాటం లేకుండా చెబుతాం.