పద్దులో రాయని కూలి

మన పిల్లలు ఎంబీఏ చదువుతున్నారు, సంతోషం. సంఘంలో మేము నేర్చుకున్న రెండు మాటలు వాళ్లకి చెప్తాం.

మొదటిది, మరమగ్గం చీరని చేనేత అని అమ్మొద్దు. 1985 చట్టం కొన్ని రకాలను చేనేతకే కేటాయించింది. 2006లో హ్యాండ్లూమ్ మార్కు వచ్చింది. మరమగ్గం తప్పు కాదు, షోలాపూర్‌లో మనవాళ్లు ఎందరో దానిమీదే బతికారు. పేరు మార్చి అమ్మడమే తప్పు. చేనేత కూలి పడిపోయేది దాంతోనే.

రెండోది, చీరకి వెల కట్టేటప్పుడు నూలు, రంగు, నేత కూలి రాసి ఆగిపోతాం. ఆసు పోసి, కండెలు చుట్టే ఆడవాళ్ల కూలి ఏ పద్దులో ఉంది? అది రాయకుండా చూపించే లాభం వాళ్ల కష్టమే. మీరు వ్యాపారం పెడితే ముందు ఆ పద్దు రాయండి. సెలవు.