విదేశీ చదువు: కాగితాలు ఎవరి పేరున?

(డిగ్రీ విద్యార్థినులు, వారి తల్లులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ విశ్వవిద్యాలయాలకి దరఖాస్తు ఎలా చేయాలో చెప్పమని నన్ను పిలిచారు. దరఖాస్తు నింపటం మన పిల్లలకి నాకంటే బాగా తెలుసు. ఆగస్టులో చదువు మొదలుపెట్టాలంటే ఏడాది ముందు నుంచే పరీక్షలు, సిఫారసు ఉత్తరాలు చూసుకోవాలని కూడా తెలుసు. ఆ దరఖాస్తు వెనక ఇంట్లో నడిచే బేరం గురించే ఎవరూ మాట్లాడరు. నేను దాని గురించి మాట్లాడతాను.

కొడుకు అమెరికా వెళ్తానంటే ఇంట్లో మొదటి ప్రశ్న, "ఎంతవుతుందిరా?" కూతురు వెళ్తానంటే, "మరి పెళ్లి?" వెంటనే ఓ సలహా కూడా వస్తుంది: "అమెరికా సంబంధమే చేస్తాంలే అమ్మా, వెళ్లాక అక్కడే చదువుకుందువుగాని." ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఆ మాటకి అక్కడి చట్టంలో విలువెంతో చూడాలి కదా. విద్యార్థిగా ఉన్న భర్త వెంట వెళ్లే భార్యకి ఇచ్చేది ఎఫ్-2 వీసా. దానిమీద ఉద్యోగం చేయకూడదు, పూర్తికాలం చదువూ చదవకూడదు. భర్తది హెచ్-1బి ఉద్యోగమైతే ఆమెకి హెచ్-4 ఇస్తారు. చదువుకోవచ్చు గానీ ఉద్యోగానికి విడిగా అనుమతి కావాలి. ఆ అనుమతి ఇవ్వటం 2015లోనే మొదలైంది, అదీ ముఖ్యంగా భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటితేనే. ఈ రెంటిలోనూ ఆమె ఆ దేశంలో ఉండే హక్కు భర్త వీసాకి ముడిపడి ఉంటుంది. కొట్టినా పడి ఉండే చదువుకున్న ఆడవాళ్లు అక్కడెందుకున్నారని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ ముడిని చూడాలి. విద్యార్థికిచ్చే ఎఫ్-1 వీసా ఆమె సొంతం. విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం ఆమె పేరునే పంపుతుంది. ఇంటర్వ్యూలో జవాబు చెప్పేదీ ఆమే.

"ఒంటరిగా ఎలా పంపుతాం?" అంటారు. ఆనందీబాయి జోషి 1883లో భర్త తోడు లేకుండా ఓడెక్కి అమెరికా వెళ్లి, 1886లో డాక్టరు పట్టా తీసుకుంది. అంతకన్నా దూరం ఇప్పుడెవరూ వెళ్లటం లేదు.

ఇక పేర్ల సంగతి. చిన్న విషయంలా ఉంటుంది గానీ ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, డిగ్రీ పట్టాలో పూర్తిగా, పాస్‌పోర్టులో మరోలా. మొత్తం పేరంతా ఇంటిపేరు గడిలో పడిపోతే అమెరికా వీసామీద సొంత పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని వేస్తారు, అంటే పేరు తెలియదని. అమ్మమ్మ ముద్దుగా పెట్టుకున్న పేరు అలా గల్లంతవుతుంది! పెళ్లయినవాళ్లకి ఇంకో తలనొప్పి. పెళ్లితో ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. చదువు పూర్తయ్యేదాకా మార్చకండి. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టుకి పెళ్లి సర్టిఫికెట్టు అడగటం లేదు. తల్లి పేరో తండ్రి పేరో ఒకటిస్తే చాలు. ఒంటరి తల్లులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికంటే పెద్దది డబ్బు. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం చదువు రుణం ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ చూపాలి. అమెరికాలో రెండేళ్ల ఎం.ఎస్. ఆ మొత్తంలో తేలదు. అంటే ఇల్లో స్థలమో తాకట్టు పెట్టాలి. అక్కడే ఆగిపోతుంది. "అది మీ అన్న వాటా" అంటారు. మన రాష్ట్రంలో 1986 సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం వదిలేసింది. 2005లో కేంద్ర చట్టం ఆ హక్కును దేశమంతటికీ తెచ్చింది. తండ్రి స్వార్జితం సంగతి వేరు. తాతల ఆస్తిలో మాత్రం మీరు అడిగేది మీ వాటానే, దానం కాదు. కట్నానికి పొలం అమ్మటానికి సిద్ధపడే తండ్రి, చదువుకి తాకట్టు పెట్టటానికి ఎందుకు జంకుతాడు? కట్నం 1961 నుంచీ నేరం. చదువు రుణం చట్టబద్ధం. ఈ లెక్క ఇంట్లో గట్టిగానే చెప్పండి.

ఆస్తి లేనివాళ్లకి దారులు తక్కువే, కానీ ఉన్నాయి. కేంద్రం దళితులకి, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకి ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనంలో 30 శాతం ఆడపిల్లలకి కేటాయించారు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకి 20 లక్షల వరకు ఇచ్చే పథకాలు వచ్చాయి. అయితే ఆ డబ్బు అక్కడికి చేరాక వాయిదాల్లో వస్తుంది కనుక మొదటి ఫీజు ముందే సమకూర్చుకోవాలి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో బోధన రుసుము లేదు. ఏడాది ఖర్చు మాత్రం ముందుగా ఖాతాలో చూపాలి. 2024 సెప్టెంబరులో అది 11,904 యూరోలు. ఆ ఖాతా అమ్మాయి పేరునే తెరుస్తారు, నెలనెలా ఆమే తీసుకుంటుంది. నాకది బాగా నచ్చింది.

దళారుల గురించి ఒక్క మాట. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్‌ని అమెరికా ప్రభుత్వ అధికారులే వలగా పెట్టారు. పిల్లల్ని అందులోకి చేర్చినవాళ్లలో మనవాళ్లున్నారు. తరగతులకి వెళ్లనక్కర్లేదని ఎవరైనా చెబితే అక్కడే లేచి వచ్చేయండి. దరఖాస్తుతో పంపే వ్యాసం కూడా డబ్బిచ్చి రాయించకండి. 

మెమో, పాస్‌పోర్టు తెచ్చుకున్నవాళ్లు ముందుకి రండి, పేర్లు పోల్చి చూద్దాం. పట్టాదారు పాస్‌పుస్తకం గురించి అడగాలనుకున్న అమ్మలు వెనక వరుసలో కూర్చోకుండా ఇటు రండి.