థాయిలాండున పరదేశి కాపురము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



పరదేశమును గూర్చి రెండు విధములైన మాటలు వినవచ్చుచుండును. పది దినములు చూచి వచ్చినవాడు చెప్పునది యొకటి. పది సంవత్సరములు కాపురముండినవాడు చెప్పునది మరియొకటి. మొదటివానికి పొరుగింటి పుల్లకూరవలె సమస్తమును రుచిగనే తోచును. రెండవవాడు ఆ యింటి పొయ్యిలోని పొగను గూడ నెరుగును. నేటి ప్రసంగవిషయము ఈ రెండవవాని మాట. థాయిలాండు దేశమున నివాసమేర్పరచుకొన్న విదేశీయుడు అచ్చటి నిత్యజీవనమును గూర్చియు, విధినిషేధములను గూర్చియు ఏమనుకొనుచున్నాడు? ఆ యభిప్రాయములలో న్యాయమెంత, అపోహ యెంత?

థాయిలాండునకు 1939 వరకు సయామని పేరు. ఆగ్నేయాసియాలో ఐరోపా రాజ్యముల యేలుబడికి లోబడక నిలిచిన దేశమదియొక్కటే. తెలుగువాని చెవికి ఆ దేశభాష పూర్తిగా పరాయిది కాదు. వారి పలకరింపుమాటయైన ‘సవత్‌దీ’ మన ‘స్వస్తి’ శబ్దమునుండి పుట్టినదే. ఏప్రిల్ 13 మొదలు 15 వరకు జరుపుకొను సోంగ్‌క్రాన్ పండుగ పేరు సంక్రాంతి శబ్దమునకు రూపాంతరము. ఆ దినములలో చిన్నవారు పెద్దల చేతులపై సుగంధజలము పోసి ఆశీర్వాదము పొందుదురు. వీథులలో యువకులు ఒకరిపై నొకరు నీళ్లు చల్లుకొందురు. వారు సంవత్సరములను బుద్ధశకమున లెక్కింతురు. అది క్రీస్తుశకముకంటె 543 అధికము. కావున మన 2025 వారికి 2568. రామకథ వారికిని పూజ్యమే. దానికి వారిడిన పేరు రామకియెన్.

ఈ సాదృశ్యము చూచి భారతీయుడు ఆ దేశమర్యాదలన్నియు తనకు తెలిసినవే యనుకొనును. అచ్చటనే పొరపడును. రెండు చేతులు జోడించుట మనకును గలదు, వారికిని గలదు. వారు దానిని ‘వై’ యందురు. కాని వారి నమస్కారమునకు మెట్లున్నవి. వయస్సున చిన్నవాడు ముందుగా చేయవలెను; పెద్దవాడు బదులు చేయును. ఎదుటివాని గౌరవమును బట్టి జోడించిన చేతులు పైకి లేచును, తల వంగును. బౌద్ధభిక్షువునకు నమస్కరించినచో ఆయన తిరిగి నమస్కరింపడు. అది గర్వము కాదు, సంప్రదాయము. క్రొత్తగా వచ్చిన విదేశీయుడు అంగడిలోని పసివానికి గూడ ముందుగా చేతులు జోడించును. చూచినవారు నవ్వుకొందురే గాని తప్పుపట్టరు.

అట్లే శిరస్సునకును పాదమునకును గల భేదము. శరీరమున శిరస్సు పవిత్రము, పాదము నీచము అని వారి భావన. ముద్దుగా నైనను ఇతరుల తల నిమురుట తగదు. బుద్ధవిగ్రహమువైపునకు గాని, పెద్దలవైపునకు గాని పాదములు చాచి కూర్చుండరాదు. కూర్చున్నవానిని దాటి పోరాదు. ఇంటిలోనికిని ఆలయములోనికిని చెప్పులు విడిచియే పోవలెను. ఇవి మన పల్లెలో పుట్టినవానికి నేర్పవలసిన సంగతులు కావు. కుర్చీలో కూర్చుండి కాలుమీద కాలు వేసికొని బూటు కొనను ఎదుటివాని ముఖమువైపు త్రిప్పుట యలవాటైనవానికి మాత్రము ఇది కొంతకాలము కష్టముగ నుండును.

ఉదయము 8 గంటలకును సాయంకాలము 6 గంటలకును రైలుస్టేషనులలోను ఉద్యానవనములలోను జాతీయగీతము వినిపించును. నడచుచున్నవారు నిలిచిపోవుదురు, కూర్చున్నవారు లేతురు. గీతము ముగియగనే ఎవరి త్రోవను వారు పోవుదురు. దినమునకు రెండుమారులు పట్టణము ఊపిరి బిగబట్టినట్లుండు నా దృశ్యమును దీర్ఘకాలము నివసించిన విదేశీయులు ఆదరముతో స్మరించుచుందురు.

అయితే వారు చెప్పు ఫిర్యాదులును కలవు. అందు మొదటిది మాటను గూర్చినది. థాయి ప్రజలు కోపమును బహిరంగముగ చూపుటను నీచముగ నెంతురు. ‘జై యెన్’ అనగా చల్లని హృదయము. అది వారు మెచ్చు గుణము. ‘క్రెంగ్ జై’ యను మరియొక మాట కలదు. ఇంగ్లీషువారు దానికి తమ భాషలో సరియైన పదము దొరకదందురు. తెలుగువానికి ఆ యిబ్బంది లేదు; మన ‘మొగమోటము’ దానికి మిక్కిలి చేరువ. ఎదుటివానికి శ్రమ కలిగింపకూడదనియు, వానిని నొప్పింపకూడదనియు వెనుకంజ వేయుటయే అది. అందుచేత ‘కాదు’ అనవలసినచోట చిరునవ్వుతో ‘అట్లే’ యందురు. మరమ్మతు చేయువాడు రేపు వచ్చెదనని చెప్పి రానిచో విదేశీయుడు మండిపడును. గొంతు పెంచినంతనే పని మరింత వెనుకబడును. ‘మై పెన్ రై’, అనగా ‘పరవాలేదు’, అను మాట మొదట వానికి నిర్లక్ష్యముగ తోచును. కొన్నియేండ్లకు తానే యనుట నేర్చుకొనును.

రెండవ ఫిర్యాదు చట్టమును గూర్చినది, ఇదియే ముఖ్యమైనది. 1979 నాటి వలస చట్టము ననుసరించి, తాత్కాలికానుమతిపై 90 దినములకు మించి నివసించు విదేశీయుడు ప్రతి 90 దినములకు తన నివాసస్థలమును అధికారులకు తెలుపుకొనవలెను. విదేశీయుని తన యింట నుంచుకొన్న యజమాని 24 గంటలలోపల ఆ సంగతి తెలియజేయవలెను. ఉద్యోగవిరమణానంతరము అచ్చట కాలము గడపగోరువానికి 50 సంవత్సరములు నిండియుండవలెను. బ్యాంకులో 8 లక్షల బాట్ల నిలువ గాని, నెలకు 65 వేల బాట్ల రాబడి గాని చూపవలెను. అనుమతిని ఏటేట పొడిగించుకొనవలెను. శాశ్వతనివాసానుమతి ఒక్కొక్క దేశమువారికి సంవత్సరమునకు 100 మందికి మించి యీయబడదు.

వృత్తుల విషయమునను హద్దులున్నవి. క్షౌరవృత్తి, వీథిలో సరకులమ్ముట, యాత్రికులకు దారిచూపుట, బుద్ధవిగ్రహములు చేయుట, భిక్షాపాత్రలు చేయుట మొదలగునవి దేశీయులకే ప్రత్యేకింపబడినవి. ఇక భూమి సంగతి. 1954 నాటి భూమి చట్టము ప్రకారము సామాన్యముగ విదేశీయుడు భూమి కొనజాలడు. మేడలోని వాటాయిల్లు కొనవచ్చును గాని, ఒక కట్టడములోని మొత్తము వైశాల్యమున విదేశీయుల భాగము 49 శాతమునకు మించరాదు. థాయి వనితను పెండ్లాడినవాడు ఆమె పేర భూమి కొనునపుడు, ఆ ధనము ఆమె సొంతమే గాని తనది కాదని వ్రాతమూలమున అంగీకరింపవలెను.

ఈ స్థితిని మన పల్లెభాషలో చెప్పవలెనన్న ఒక్కటే మాట కలదు: ఇల్లరికము. ఇల్లరికపుటల్లునికి పీటమీద చోటున్నది, పండుగకు క్రొత్తబట్టలున్నవి, పిల్లల నోట నాన్న యను పిలుపున్నది. పొలము పట్టాలో మాత్రము పేరు లేదు. థాయిలాండులో ఇరువది యేండ్లు కాపురము చేసి, పిల్లలను పెంచి, భాష నేర్చిన విదేశీయుడు మూడు నెలలకొకమారు కచ్చేరికి పోయి తాను ఫలానాచోట నున్నానని చెప్పుకొనునపుడు వాని మనస్సు చివుక్కుమనుట సహజము. ఆ బాధను పరిహసింపరాదు.

అయినను ఇంటివారి చరిత్రను గూడ వినవలెను. 1855లో ఇంగ్లండు పక్షమున జాన్ బౌరింగు సయాము ప్రభుత్వముతో సంధి కుదిర్చెను. దానిచే బ్రిటిషు ప్రజలు సయాము న్యాయస్థానముల యధికారమునకు లోబడక తమ కాన్సలు విచారణకు మాత్రమే లోబడిరి. దిగుమతి సరకులపై సుంకము నూటికి మూడుకు మించరాదని కట్టడి చేయబడెను. ఇతర రాజ్యములును అట్టి సంధులనే కోరి పొందెను. ఆ కాలమున విదేశీయుడు ఆ యింట నుండియు ఆ యింటి చట్టమునకు అతీతుడై మెలగెను. బ్రిటిషువారి ప్రజలుగ సయామునందుండిన భారతీయులకును ఆ రక్షణ వర్తించెను. ఈ యసమాన సంధులనుండి బయటపడుటకు ఆ దేశమునకు 1937 వరకు పట్టినది.

ఆ విమోచనమున తోడ్పడినవాడును ఒక విదేశీయుడే. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు ఫ్రాన్సిస్ సేయర్ సయాము ప్రభుత్వమునకు సలహాదారుడై, 1925 ప్రాంతమున ఐరోపా రాజధానులు పెక్కు తిరిగి సంధులను సవరింపజేసెను. రాజు ఆయనకిచ్చిన బిరుదము ‘కల్యాణమైత్రి’. ఆ పేరుగల వీథి నేటికిని బ్యాంకాక్‌లో నున్నది. అతిథి చట్టమునకు అతీతుడైన కాలము నెరిగిన యింటివారు, తరువాత గడపవద్ద గట్టి తలుపు పెట్టుకొనుటలో వింత యేమున్నది?

కఠినమైన విషయమొకటి దాటవేయరాదు. శిక్షాస్మృతి 112వ ప్రకరణము ప్రకారము రాజును, రాణిని, యువరాజును, రాజప్రతినిధిని నిందించుట నేరము. ఒక్కొక్క నేరమునకు 3 మొదలు 15 సంవత్సరముల వరకు చెరసాల. నాణెములపైనను నోట్లపైనను రాజు ముఖముండుటచే, జారిపడిన నోటును కాలితో తొక్కి ఆపుట సైతము మహాపచారముగ నెంచబడును. చియాంగ్ మయి నగరమున చాలకాలము నివసించిన స్విట్జర్లాండు దేశీయుడొకడు త్రాగిన మైకమున రాజు చిత్రపటములపై నల్లరంగు చల్లెను. 2007 మార్చిలో వానికి 10 సంవత్సరముల శిక్ష విధింపబడెను. మరుసటి నెలలోనే రాజు క్షమించి విడిచిపెట్టగా, వానిని దేశమునుండి పంపివేసిరి. ఈ చట్టమును సవరింపవలెనని 2020 మొదలు థాయి యువజనులే వీథులలోనికి వచ్చి కోరిరి. సవరణకు పూనుకొన్న ‘మూవ్ ఫార్వర్డ్’ పక్షమును 2024 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానము రద్దుచేసెను. ఈ వివాదమున విదేశీయుడు నోరు మెదపడు. తన యింటిలో జరుగు వాదమున తాను మాటాడలేకపోవుటయే ఆ కాపురమునకు వాడు చెల్లించు పెద్ద మూల్యము. సుంకములు, రుసుములు దాని ముందు చిన్నవి.

మరి గడప దాటి లోనికి పోయినవారు లేరా? ఉన్నారు. ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున 1892లో జన్మించిన శిల్పి కొర్రాడో ఫెరోచి 1923లో సయాము ప్రభుత్వపు కొలువునకు వచ్చెను. భాష నేర్చెను, దేశీయ శిల్పరీతుల నభ్యసించెను, శిష్యులను తయారుచేసెను. ఆయన శ్రమఫలమైన కళాపాఠశాలయే 1943లో శిల్పకర విశ్వవిద్యాలయమైనది. ఆ యేడే యుద్ధమున ఇటలీ లొంగిపోగా, థాయిలాండులో నున్న జపాను సైన్యమువలన ఆయనకు అపాయమేర్పడెను. అప్పుడు థాయి ప్రభుత్వమే ఆయనకు అండయై, 1944లో పౌరసత్వమును, శిల్ప భీరశ్రీ యను క్రొత్త పేరును ఇచ్చెను. 1962లో ఆయన బ్యాంకాక్‌లోనే కన్నుమూసెను. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను శిష్యులును ప్రశిష్యులును నేటికిని ఉత్సవముగ జరుపుదురు.

కావున థాయిలాండున రెండు విధుల గ్రంథములున్నవి. ఒకటి కచ్చేరిలో నున్నది. అది విదేశీయుని ఎన్నియేండ్లైనను అతిథియనియే పిలుచును. రెండవది ఎచ్చటను వ్రాయబడలేదు. చెప్పులు విడుచుట, గొంతు తగ్గించుట, పెద్దలకు ముందుగా చేతులు జోడించుట, ఇరుగుపొరుగువారి చావునకును పెండ్లికిని పోవుట దాని ప్రకరణములు. మొదటిదానిని ధిక్కరించినవాడు వెళ్లగొట్టబడును. రెండవదానిని నేర్వనివాడు ఆ దేశముననే యుండియు జీవితాంతము వీథియరుగుమీదనే కూర్చుండును. చట్టము ఈయని చోటును మర్యాద కొంతవరకు ఈయగలదు. చట్టమునకు బదులుగ నిలువజాలదు. రెండును తెలిసినవాడే స్థిరముగ కాపురముండగలుగుచున్నాడు.

నేడు తెలుగు పల్లెలనుండియు యువకులు దేశదేశములకు పోవుచున్నారు. పోవువాడు ఆ దేశపు చట్టమును చదివికొని పోవుట అవసరము. ఆ దేశపు చరిత్రను చదివికొని పోవుట అంతకంటె అవసరము. అట్లే మన యూరికి బ్రతుకుతెరువునకు వచ్చిన పొరుగువానిని మనము గడపవద్ద నిలిపితిమా, లోనికి పిలిచితిమా యని యొక్కమారు తలపోయుట మంచిది. పరదేశమును గూర్చిన గ్రంథము గ్రామ గ్రంథాలయపు బీరువాలో నుండుటకు ప్రయోజనమిదియే. స్వస్తి.