ర్యాంకు కంటే ముందు కాగితం

(సంఘం వార్షికోత్సవ సభలో వలస గుంపుల విద్యార్థుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మైకు ముందు నిలబడింది ఒక్కరే అయినా ఈ మాటలు ఐదుగురివి. నిన్న రాత్రి ఐదుగురం కూర్చుని రాసుకున్నాం. అందుకే 'నేను' అనకుండా 'మేము' అంటున్నాం.

మేము వలస గుంపుల్లో పెరిగిన పిల్లలం. 2005 తర్వాత బస్తర్ వైపు ఊళ్లలో బతకడం కష్టమైనప్పుడు మా అమ్మానాన్నలు ఇటు వచ్చారు. కొందరు చింతూరు వైపు, కొందరు చర్ల, దుమ్ముగూడెం వైపు, ఇంకొందరు ములుగు అడవుల వైపు. ఇక్కడి వాళ్లు మమ్మల్ని గొత్తికోయలు అంటారు. ఇంట్లో మేము మురియా అని, దోర్ల అని చెప్పుకుంటాం. మిరప తోటల్లో కాయలు ఏరి, తునికాకు కట్టలు కట్టి మమ్మల్ని చదివించారు. కట్టకు యాభై ఆకులని లెక్క నేర్చుకున్నది బడిలో కాదు, ఆ కల్లంలోనే.

చట్టం లెక్కలో మేము శరణార్థులం కాము. దేశం సరిహద్దు దాటలేదు, రాష్ట్రం సరిహద్దు దాటాం, అంతే. కానీ ఆ ఒక్క గీత దాటినందుకు పెద్ద కాలేజీ దరఖాస్తు నింపేటప్పుడు ఏం జరుగుతుందో మీకు చెప్పాలనే ఈ రోజు వచ్చాం.

ముందు మా అక్క సంగతి. మా ఐదుగురిలో అందరికంటే బాగా చదివింది ఆమే. ఆశ్రమ పాఠశాలలో పది, గురుకులంలో ఇంటర్. జేఈఈలో ఎస్టీ కోటాలో సీటు వచ్చే మార్కులు తెచ్చుకుంది. దరఖాస్తులో 'ఎస్టీ' అని టిక్కు పెట్టింది. కౌన్సెలింగ్‌లో ధ్రువపత్రం అప్‌లోడ్ చేయమన్నారు. అప్పుడు తహసీల్దార్ ఆఫీసుకు వెళితే 'మీరు ఇక్కడి వాళ్లు కాదు' అన్నారు. పుట్టిన ఊరు వైపు వెళితే 'మీరు ఇక్కడ ఉండటం లేదు కదా' అన్నారు. రెండు ఆఫీసుల మధ్య తిరుగుతుండగానే గడువు అయిపోయింది. ర్యాంకు ఉంది, కాగితం లేదు. సీటు పోయింది.

తప్పు ఎవరిదని ఆ రోజుల్లో చాలా ఏడ్చాం. తర్వాత తెలుసుకున్నది ఏమిటంటే, దారి ఉంది. ఆ దారి మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. మీకు మేము చెబుతాం. జాగ్రత్తగా వినండి.

ఎస్టీ జాబితా రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాళ్లు ఇంకో రాష్ట్రానికి వెళితే, అక్కడి ప్రభుత్వం ఇచ్చే రిజర్వేషన్ వాళ్లకు రాదు. 1990లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆ కేసు వేసింది కూడా మన తెలుగు నేల మీద, తెనాలిలో పుట్టిన విద్యార్థే. మర్రి చంద్రశేఖర్ రావు కేసు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న కుటుంబం బొంబాయి వెళ్లింది. అక్కడ మెడికల్ సీటుకు ఎస్టీ కోటా అడిగితే మహారాష్ట్రలో కుదరదన్నారు, సుప్రీంకోర్టూ కాదనలేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన మా వాళ్లకు ఇక్కడి రాష్ట్ర కోటా దగ్గర అడ్డుపడేది ఆ సూత్రమే. ఇక్కడే పుట్టిన పిల్లలకు కూడా తండ్రి మూలం ఎక్కడిదో అదే లెక్క.

ఇక్కడిదాకా విని చాలామంది పుస్తకం మూసేస్తారు. మూయకండి. అసలు మాట ఇప్పుడు వస్తుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థల విషయం వేరు. ఐఐటీలు, ఎన్‌ఐటీలు, కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉంటాయి. అక్కడ మీ మూల రాష్ట్రంలో మీరు ఎస్టీ అయితే చాలు. మురియా, దోర్ల, కోయ పేర్లు ఛత్తీస్‌గఢ్ ఎస్టీ జాబితాలో గోండు వరుసలోనే ఉన్నాయి. కేంద్రం ఇచ్చిన ధ్రువపత్రం నమూనాలో రాష్ట్రం మారిన వాళ్ల కోసం వేరే పేరాయే ఉంది. తండ్రికో తల్లికో మూల రాష్ట్రంలో ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా ఇస్తున్నామని అందులో రాస్తారు. అంటే పక్క పట్నంలోని ప్రభుత్వ కాలేజీలో రాని కోటా, దూరాన ఉన్న ఐఐటీలో వస్తుంది. మన ములుగులోనే పెట్టిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా కేంద్రానిదే. విజయనగరం వైపు ఉన్న కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమూ అంతే. దగ్గరి గుమ్మం ఇరుకు, దూరపు గుమ్మం వెడల్పు. మా అక్కకు ఈ మాట ఎనిమిదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మరి కాగితం ఎలా వస్తుంది? అన్నిటికీ మూలం తండ్రి కాగితం. మన నాన్నల్లో చాలామంది బడికే పోలేదు, వాళ్లకు ధ్రువపత్రం ఎక్కడిది? పాత ఊళ్లో ఉన్న కాస్త కాగితాలూ పారిపోయి వచ్చేటప్పుడు పోయాయి. రాత రికార్డు లేనివాళ్లకు గ్రామసభ తీర్మానం ఆధారంగా ఇచ్చే ఏర్పాటు ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. మాలో ఇద్దరికి అలాగే వచ్చింది. ఒకరి మేనమామ ఇంకా పాత ఊళ్లోనే ఉన్నాడు. ఆయన సర్పంచ్‌తో మాట్లాడి, వంశం చెప్పగల ముసలివాళ్లను కూర్చోబెట్టి తీర్మానం చేయించాడు. నాన్న నాలుగుసార్లు వెళ్లి వచ్చాడు. నాలుగు రోజుల కూలి, నాలుగుసార్ల బస్సు చార్జీ. మొత్తం పదకొండు నెలలు పట్టింది. అందుకే చెబుతున్నాం, ఈ పని ఇంటర్ రెండో సంవత్సరంలో మొదలుపెట్టేది కాదు. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టాలి.

ఇంకో చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. అక్కడ హిందీలో 'మాడ్వి' అని రాస్తారు, ఇక్కడ బడిలో 'మడివి' అని రాస్తారు. ఆధార్‌లో ఇంకో తీరు. మనకు అన్నీ ఒకటే ఇంటిపేరు, కంప్యూటర్‌కు ముగ్గురు వేరే మనుషులు. పదో తరగతి మెమోలో పేరు ఎలా పడిందో ఆధార్‌లోనూ ధ్రువపత్రంలోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండేట్టు చూసుకోండి. పదో తరగతి నామినల్ రోల్స్ రాసేటప్పుడే సారు దగ్గర నిలబడి మీ పేరు మీరే చూసుకోండి. సిగ్గుపడకండి.

ఇక డబ్బు మాట. ఐఐటీలో ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ధ్రువపత్రం ఇంకా రాకపోయినా, కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష రూపాయల లోపు ఉంటే ట్యూషన్ ఫీజు మాఫీ ఉంది. కాబట్టి ఆదాయ ధ్రువపత్రం కూడా ముందే తీసి పెట్టుకోండి. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ పెద్ద సంస్థల్లో చదివే ఎస్టీలకు టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. దానికి కుటుంబ ఆదాయ పరిమితి 6 లక్షలు. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదవాలంటే ఏటా 20 మంది ఎస్టీ విద్యార్థులకు ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది.

అయితే మాఫీ ఉందని చేతిలో పైసా లేకుండా కూర్చోకూడదు. సీటు ఖాయం చేసుకోవడానికి ముందు కొంత కట్టాలి. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ఒక దళిత కూలీ కొడుకు ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్నాడు. కట్టాల్సింది 17,500 రూపాయలు. జూన్ 24 సాయంత్రం 5 గంటలు గడువు. ఊళ్లో వాళ్లు తలా కాస్త వేసి డబ్బు పోగుచేసేసరికి సమయం అయిపోయింది, సైటు మూసుకుంది. ఆ అబ్బాయి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. సెప్టెంబర్ 30న కోర్టు సీటు ఇవ్వమని ఆదేశించింది. గెలిచాడు, సంతోషం. కానీ మనలో ఎంతమందిమి ఢిల్లీ వెళ్లగలం? అందుకే పెద్దలను ఒకటే అడుగుతున్నాం. పండుగకు చందా వేసుకున్నట్టే ఏటా ఏప్రిల్ నాటికి సంఘం దగ్గర కొంత డబ్బు విడిగా ఉంచండి. సీటు వచ్చిన పిల్లకు అప్పుగా ఇవ్వండి. స్కాలర్‌షిప్ పడ్డాక తిరిగి కడతాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, భాష సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు అని భయపడతాం. జేఈఈ మెయిన్, నీట్, కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ తెలుగులోనూ రాయవచ్చు. దరఖాస్తులోనే భాష ఎంచుకోవాలి, తర్వాత మార్చడం కష్టం. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీలోనే ఉంటుంది. దానికి వెళ్లాలనుకునేవాళ్లు ఇంటర్ మొదటి సంవత్సరం నుంచే లెక్కల పదాలు ఇంగ్లీషులో అలవాటు చేసుకోండి.

కొన్ని మంచి కాలేజీలు ఇంటర్వ్యూ పెడతాయి. 'మీ గురించి చెప్పండి' అంటారు. మాలో ఒకరు మొదటిసారి కాలిపోయిన ఊరి గురించే చెప్పి ఏడ్చేశాడు. బయటకు వచ్చాక 'నా గురించి ఏమీ చెప్పలేదురా, నాకు జరిగిందే చెప్పాను' అన్నాడు. ఆ తేడా మేము మర్చిపోలేదు. మన బాధ చెప్పడం తప్పు కాదు, దాచాల్సిన పనీ లేదు. కానీ అక్కడ ఆగిపోకండి. ఆస్పత్రిలో అమ్మ మాటను నర్సుకు తెలుగులో చెప్పింది ఎవరు? గుంపులో అందరి ఆధార్ కాగితాలు చదివిపెట్టింది ఎవరు? తునికాకు లెక్కలో కల్లేదారు తప్పు పట్టుకుంది ఎవరు? అది మీరు చేసిన పని. అది చెప్పండి. రెండోసారి ఇంటర్వ్యూలో మావాడు అదే చెప్పాడు. ఇప్పుడు ఆ కాలేజీలో రెండో సంవత్సరం.

మా ఐదుగురిలో ముగ్గురికి కోరుకున్న చోట సీటు వచ్చింది. ఒకరు ఈ ఏడు మళ్లీ రాస్తున్నారు. ఐదో మనిషి మా అక్క. ఆమె డిగ్రీ ఇక్కడే చదివింది. అదిగో, వెనుక వరుసలో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ ఫైలులో ధ్రువపత్రం కోసం తిరుగుతున్న పద్నాలుగు మంది పిల్లల కాగితాలున్నాయి. మా ముగ్గురి దరఖాస్తులూ నింపింది ఆమే. తనకు దొరకని దారిని మాకు వేసింది. ఈ ప్రసంగం ఆమె చేయాలని అడిగాం, 'మీరే చెప్పండి, నేను సభ అయ్యాక పేర్లు రాసుకుంటా' అంది.

రాష్ట్రం కూడా మా పిల్లల్ని గుర్తించాలని అడుగుతూనే ఉంటాం. ఆ రోజు వచ్చేదాకా ఏ పిల్లా ఖాళీగా కూర్చోకూడదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు భోజనానికి వెళ్లే ముందు ఆ వెనుక వరుస దగ్గరికి వెళ్లండి. మీ నాన్న పేరు, తాత పేరు, పాత ఊరి పేరు చెప్పండి. తాత పేరు తెలియకపోతే ఈ రాత్రే ఇంట్లో అడిగి రాసుకోండి. చెప్పగలిగే ముసలివాళ్లు ఉన్నప్పుడే అడగాలి.

జై ఆదివాసీ!