తెరముందరి చదువు, ఒంటరి మనస్సు

2020 మార్చి నెలలో దేశమంతట రాకపోకలు స్తంభించి కళాశాలలు మూతపడినప్పుడు, 2008లో మచిలీపట్టణమున వెలసిన కృష్ణా విశ్వవిద్యాలయ పరిధిలోని విద్యార్థులు, గుడివాడవారైననేమి, దివిసీమవారైననేమి, అరచేతిలోని సెల్‌ఫోనునే తరగతిగదిగా చేసికొనవలసివచ్చెను.

సిగ్నలు సరిగా నందని పల్లెలో ఒక బాలిక డాబా యెక్కియో, కాలువగట్టున నిలుచుండియో పాఠము వినుచుండగా, అధ్యాపకుని వాక్యము నడుమనే తెగిపోవును; ఏమి తప్పిపోయెనో అడుగుటకు ప్రక్కన స్నేహితురాలుండదు; అడిగినచో తరగతియంతయు తనవంకనే చూచునను సంకోచముతో మౌనము వహించు ఆ బాలిక మనస్సు ఎంత నలిగిపోవునో యోచింపుడు. ఆ మౌనమును సోమరితనమని పెద్దలు మందలించుట నాకు న్యాయముగా తోచదు.

మరి ఇట్టి ఒత్తిడిని ఎదుర్కొనుటెట్లు? 1984లో లాజరస్, ఫోక్‌మన్ అను అమెరికా మనస్తత్వవేత్తలు ఒత్తిడిని ఎదుర్కొను తీరులను ప్రధానముగా రెండుగా వివరించిరి: సమస్యను సరిదిద్దుట యొకటి, సరిదిద్దరానిచోట కలిగిన కలతను శమింపజేసికొనుట మరియొకటి. పాఠమును రికార్డుచేసి పంపుడని అధ్యాపకుని అర్థించుట మొదటిది; సాయంకాలము ఫోనును ఇంటనే విడిచి గట్టువెంట నడచుట, మిత్రులతో మనసువిప్పి మాటాడుట రెండవది. సిగ్నలు లేనందుకు తన్ను తానే నిందించుకొను విద్యార్థికి ముందుగా కావలసినది ఈ రెంటి భేదమునెరుగు వివేకమే.

నిద్ర కరవై నిరాశ వీడనిచో, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ అను మానసికారోగ్య సేవను 14416 అను సంఖ్యకు ఫోను చేసి, రేయింబవళ్లు ఏ వేళనైనను, రుసుము లేకయే, తెలుగుననే సంప్రదింపవచ్చును. తల్లిదండ్రులారా, ఆ సంఖ్యను నేడే మీ పిల్లలకు తెలుపుడు.