‘స్కాన్ నార్మల్’ అన్న తర్వాత

 

నాది 1987 పదో తరగతి బ్యాచ్. 28 ఏళ్లుగా ఎమ్మారై యంత్రాలు బిగించడం, పాడైతే బాగుచేయడం నా పని. నేను డాక్టర్ని కాను. అయినా మా బంధువులకు ఆ తేడా పట్టదు, ఫిల్ములు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. వాళ్లు అడిగేవాటిలో ఒక ప్రశ్న మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది: “మావాడు ఆర్నెల్లుగా నిద్రపోవడం లేదు, ఎవరితోనూ మాట్లాడడు. డిప్రెషన్ అంటున్నారు. స్కాన్ తీయిస్తే తేలిపోతుందా?”

తేలదు. ఎందుకో చెబుతాను.

సైన్సు మాస్టారు కాగితం మీద ఇనుపరజను చల్లి, కింద అయస్కాంతం పెట్టి గీతలు చూపించారు, గుర్తుందా? మా యంత్రంలో ఉన్నదీ అయస్కాంతమే. కాకపోతే భూమి అయస్కాంత శక్తికి 30,000 రెట్లు. మన ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ దాని మాట వింటుంది. 1.5 టెస్లా యంత్రంలో అది పలికే స్వరం 64 మెగాహెర్ట్జ్, మన ఎఫ్ఎం రేడియోకి కాస్త కింద. ఆ స్వరాలను లెక్కగట్టి బొమ్మ గీస్తాం.

ఈ బొమ్మల్లో డిప్రెషన్ జాడ వెతకడం చాలాకాలంగా సాగుతోంది. 1996లో అమెరికాలోని సెయింట్ లూయీలో ఈవెట్ షెలైన్ బృందం, పదే పదే డిప్రెషన్ వచ్చిన 10 మందిని, రాని 10 మందితో పోల్చింది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ మొదటివాళ్లలో చిన్నదిగా కనిపించింది. ఎక్కువ కాలం బాధపడిన వాళ్లలో మరీ చిన్నది. ఇరవై మందితో ఎంత చెప్పగలం? తర్వాత ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 1,728 మంది రోగులవీ, 7,199 మంది ఆరోగ్యవంతులవీ స్కాన్లు కలిపి 2016లో ఫలితం ప్రకటించింది. తేడా నిజమే. ఎంత? సగటున 1.24 శాతం.

హిప్పోకాంపస్ ఒక్కోవైపు సుమారు 4 ఘన సెంటీమీటర్లు ఉంటుంది. అందులో 1.24 శాతమంటే దాదాపు ఒక పెసరగింజ! ఆరోగ్యవంతుల్లోనే మనిషికీ మనిషికీ ఉండే తేడా దీనికి ఎన్నో రెట్లు. ఎ సెక్షన్ సగటు బి సెక్షన్ కంటే ఒక్క మార్కు తక్కువనుకోండి. ఒక పేపరు చేతికిచ్చి ఇది ఏ సెక్షన్ కుర్రాడిదో చెప్పమంటే ఏ మాస్టారు చెప్పగలరు? 2022లో జర్మనీలో 1,809 మంది మీద అచ్చంగా ఈ పరీక్షే చేశారు. ఏ ఒక్క కొలతతో ఊహించినా సరైన జవాబు 56 శాతం దాటలేదు. బొమ్మాబొరుసు వేసినా 50 వస్తుంది కదా. పైగా ఆ పెసరగింజంత తగ్గడం జబ్బుకి కారణమా, ఫలితమా అన్న వాదన ఇంకా తెగలేదు.

మరి డాక్టర్లు స్కాన్ ఎందుకు రాస్తారు? గడ్డలాంటివి ఏవైనా ఉన్నాయేమో చూడటానికి. థైరాయిడ్ రక్తపరీక్ష రాసినట్టే. ‘నార్మల్’ అంటే అవి లేవని అర్థం. డిప్రెషన్ లేదని కాదు.

ఇది మా ఇంట్లో జరిగింది. మా తమ్ముడి అనుమతితోనే చెబుతున్నాను. వాడి రిపోర్టు నార్మల్ అని రాగానే ఇంటికొచ్చిన పెద్దలొకరు, “ఏమీ లేదన్నారుగా, ఇక నాటకాలు చాలించు” అన్నారు. ఆ వారమే వాడు మందులు మానేశాడు. నాలుగో నెలలో ఒక రాత్రి మా మరదలు నాకు ఫోన్ చేసింది. వెళ్లేసరికి బావి దగ్గర కూర్చుని ఉన్నాడు. తెల్లారేదాకా పక్కనే కూర్చుని, పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ డాక్టరు ఏ ఫిల్మూ అడగలేదు. నిద్ర, ఆకలి, ఆలోచనల గురించి ముప్పావుగంట అడిగారు. ఈ జబ్బుకి పరీక్ష అంటే ఇప్పటికీ అదే. వాడిప్పుడు మందులతో బాగున్నాడు, ఇదే హాల్లో వెనక వరసలో ఉన్నాడు.

టెలిమానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లోనైనా దీన్ని నోటీసు బోర్డు మీద రాయించమని హెడ్మాస్టరు గారిని అడిగాను. రేపే రాయిస్తానన్నారు. మిగతా ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. ఫిల్ములు మాత్రం తేవద్దు.