లెక్కలోనికి రాని పాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, భారతమునుండియో ఆముక్తమాల్యదనుండియో ఒక ఘట్టము చెప్పుదునని మీరందఱు అనుకొనియుందురు. నేనును మొదట అట్లే అనుకొంటిని. కాని గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన దినమున, గ్రంథములకెక్కని వాఙ్మయమును ఒక్కమాఱు తలచుట యుక్తమని తోచినది. లెక్కలు వ్రాసి బ్రతుకువాడను గనుక, లెక్కకు ఎదురు నిలిచిన పాటను గూర్చి చెప్పెదను. ఆ పాట పుట్టినది అమెరికాలో. దాని పేరు బ్లూస్. ఆ భాషలో ఆ మాటకు నీలివన్నె యని అర్థము. దిగులు అనియు అర్థము. మన రత్నగిరి పాదమున కూర్చున్నవారికి దానితో ఏమి పని యని వెనుకవరుసవారు గుసగుసలాడుచున్నారు. కొంచెము ఓపికపట్టుడు. అదియును ఒక డెల్టా పాటయే.

మిసిసిపీ యను మహానది అమెరికాను ఉత్తరమునుండి దక్షిణమునకు చీల్చుకొని పాఱును. ఆ నదికిని యాజూ అను నదికిని నడుమనున్న ఒండ్రునేలను అచ్చటివారు డెల్టా అందురు. నిజమునకు అది మన కోనసీమవలె సముద్రముఖమున లేదు, చాల ఎగువనున్నది. అయినను అట్టి ఒండ్రే, అట్టి వఱదయే. మనవారు వరి పండించిరి, వారు ప్రత్తి పండించిరి. వారు అనగా ఎవరు? ఆఫ్రికానుండి ఓడలలో బానిసలుగా తేబడినవారి సంతతి. 1865లో రాజ్యాంగమును సవరించి అచ్చట బానిసత్వమును రద్దుచేసిరి. మనిషికి స్వాతంత్ర్యము వచ్చెను గాని భూమి రాలేదు.

భూమి లేనివాడు పాలునకు దున్నవలెను. కామందు పొలమిచ్చును, కంచరగాడిదనిచ్చును, విత్తనమిచ్చును. పంట చేతికి వచ్చువఱకు పిండి, ఉప్పు, గుడ్డ, చెప్పులు కామందుగారి కొట్టులోనే అప్పునకు తెచ్చుకొనవలెను. శరత్కాలమున ప్రత్తి అమ్మిన తరువాత లెక్క తేల్చుదురు. ప్రత్తిలో సగము కామందుది. రైతు సగములోనుండి కొట్టుబాకీ, వడ్డీ తీసివేయుదురు. చిట్టా వ్రాయువాడు కామందు మనిషి, ఆవర్జా ఉండునది కామందు ఇంట. పాలికాపునకు చదువు రాదు. వచ్చినను ఆ పుస్తకము చూపుమని అడుగుట ప్రాణముమీదికి తెచ్చుకొనుటయే. ఏడాది పొడవున మట్టిలో నిలిచినవానికి చివరకు మిగులునది చాలసారులు సున్న, లేదా పై సంవత్సరమునకు మోయవలసిన అప్పు. ఇక మిగిలిన దారి రాత్రివేళ మూటగట్టుకొని వెడలిపోవుట. అందుచేతనే బ్లూస్ పాటలలో రైలుబండ్లును, బాటలును, తెల్లవాఱకమున్నే లేచి పోవుటలును అన్నిమాఱులు వినవచ్చును. లెక్కల పుస్తకమున వానికి జవాబు వ్రాయు చోటు లేదు. వాడు జవాబును పాటలో చెప్పుకొనెను. కలము పట్టి బ్రతుకు మావంటివారు గుర్తుంచుకొనదగిన మాట యిది: మొత్తము సరిపోయినంత మాత్రమున లెక్క న్యాయమైనది కాదు.

ఆ పాట నడక చాల సులువు. ఒక పాదము పాడుదురు. దానినే మరల పాడుదురు. మూడవ పాదమున దానికి జవాబు చెప్పుదురు. రెండవమాఱు పాడునప్పటికి మూడవది మనసులో తయారగును; ఆశుకవిత్వము చెప్పువారికి ఈ కిటుకు తెలియనిది కాదు. పొలములలో పనిచేయుచు ఒకడు కేక పెట్టి పాడగా తక్కినవారు అందుకొను పాతరీతినుండి ఇది వచ్చినది. స్వరము సంగతి సంగీతజ్ఞులు వినవలెను. గాంధార నిషాదములను వారు నిలుకడగా పట్టరు. గాంధారము సాధారణమునకును అంతరమునకును నడుమ ఎచ్చటనో వణకును. నిషాదమును కైశికి కాకలుల నడుమ అట్లే క్రిందికి జాఱును. పియానో మెట్లకు దొరకని ఆ సందులోనే దిగులంతయు ఉన్నదని వారి అభిప్రాయము. గిటారు తంత్రులపై కత్తినో సీసామెడనో జార్చి ఆ సందును పట్టుదురు. మన గోటువాద్యముపై కొయ్యముక్కను జార్చి గమకము పలికించుట ఎఱిగినవారికి ఇది క్రొత్తగా తోచదు.

దీనిని కాగితముపై కెక్కించినవారిలో ముఖ్యుడు హ్యాండీ యను విద్వాంసుడు. ఆయనయు నల్లజాతివాడే, స్వరలిపి చదివినవాడు. సుమారు 1903లో టట్వైలర్ అను చిన్న స్టేషనులో రైలునకై కునికిపాట్లు పడుచుండగా, చిరిగిన బట్టలవాడొకడు ప్రక్కన చేరి గిటారుపై కత్తి జార్చుచు, రెండు రైలుమార్గములు ఒకదానినొకటి దాటు తావును గూర్చి పాడెనట. అంతటి విచిత్ర సంగీతమును తానెన్నడును వినలేదని హ్యాండీ తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. 1912లో హ్యాండీ అచ్చువేసిన మెంఫిస్ బ్లూస్ ప్రసిద్ధికెక్కినది. ఆయనకు బ్లూస్ పితామహుడను బిరుదు వచ్చినది. స్టేషనులో పాడినవాని పేరు మాత్రము నేటికిని ఎవరికిని తెలియదు.

తరువాతి కథ త్వరగా చెప్పెదను. 1920లో మేమీ స్మిత్ అను గాయని పాడిన రికార్డు విరివిగా అమ్ముడుపోవుటతో కంపెనీలు ఈ పాటలకై వెదకసాగెను. అందులో ఒకటైన పారమౌంటు కుర్చీలు చేయు కంపెనీవారి శాఖ; గ్రామఫోను పెట్టెలు అమ్ముకొనుటకే రికార్డులు కూడ తీసిరి! డెల్టా గాయకులలో పెద్దగా చెప్పదగిన చార్లీ పాటన్ 1929లో ఆ కంపెనీకే పాడెను. 1927 ఏప్రిలులో మిసిసిపీ కట్ట తెగి దేశము మునిగినప్పుడు నల్లవారిని బలవంతముగా కట్టలపై నిలిపి పనిచేయించిరి. ఆ వఱదపై పాటన్ కట్టిన పాట రెండు వైపుల రికార్డుగా నిలిచియున్నది. పాడినవారికి ఇంతని ఒక్కమాఱు ఇచ్చి పంపుటయే పరిపాటి. అమ్మకములో వాటా లేదు. అచ్చటను ఆవర్జా మఱియొకరి చేతిలోనే ఉండెను.

ఇక మన గోదావరికి వత్తము. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియైనది. దానితో డెల్టా మాగాణి యయ్యెను. మన అన్నవరము చుట్టునున్నది మెట్ట. ఆనాటినుండి మెట్ట కూలిజనము ఊడ్పులకును కోతలకును డెల్టాకు దిగిపోవుట వాడుకయైనది. కాటన్ దొర పేరు బడిపిల్లవానికిని తెలియును. ఆ నేలలో మోకాటిలోతు నీట వెనుకకు వెనుకకు నడచుచు నారు నాటిన స్త్రీల పేర్లు ఏ దస్త్రమునందును లేవు. నేను కరణపు ఇంట పుట్టినవాడను. 1984లో కరణీకములు రద్దగువఱకు మా యింట వ్రాసిన అడంగళ్లు చూచితిని. వానిలో సెంటు భూమికి కూడ ఒక వరుస కలదు. భూమి లేనివానికి వరుస లేదు. వారిలో అనేకులకు మా అరుగు ఎక్కుటకును అర్హత లేదన్న దినములుండెను. కరణము కొడుకు ఈ మాట చెప్పుట కొందఱికి చోద్యముగా ఉండవచ్చును. అయినను ఉన్నమాట యిదియే.

ఊడ్పు పాట ఎట్లుండును? ఒకతె ఎత్తుకొనును, వరుసలోనివారు వంతపాడుదురు, పల్లవి వచ్చినప్పుడు అడుగు వెనుకకు పడును. చేయి, కాలు, గొంతు మూడును ఒక్క తాళమునకు లోబడును. మన ఊరి వృద్ధురాలినొకతెను ఆమధ్య ఒక పాట చెప్పుమని కోరితిని. ఆమె నవ్వి, "ఊరికే కూకుని పాడమంటే ఎలా వత్తాదండి బాబూ? సేతిలో నారుండాలి, కాళ్ళకింద నీళ్ళుండాలి" అనెను. పిమ్మట లేచి నడుము వంచి, ఉత్త చేతులతోనే నాటినట్లు అభినయింపగా పాట దానంతట అదియే వచ్చెను! నాలుగు చరణములైన తరువాత నడుము పట్టుకొని కూర్చుండెను. పాటయు అచ్చటనే ఆగెను. వరి నాటు యంత్రములును కోత యంత్రములును వచ్చిన యీ దినములలో ఆ నడుములకు విశ్రాంతి లభించుట మేలే. దానికి విచారించువాడు పొలములో దిగనివాడు. కాని పనితో ముడిపడిన పాట, పని పోవగా ఎక్కడ నిలుచును?

ఈ పాటలు మన కవులకు తెలియనివి కావు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు మొదలగువానిని పేర్కొనెను. తాళ్ళపాక అన్నమాచార్యుడు రోకటి దంపునకు పాడు సువ్వి పాటల బాణీలో వేంకటేశ్వరుని కీర్తించెను. ఆయన పదములు రాగిరేకులకెక్కినను కొన్ని శతాబ్దులు వెలుగు చూడక, 1922లో తిరుమలలో బయటపడినవి. రాగిరేకులకే ఆ గతి పట్టగా, నోటిమాటనే నమ్ముకొన్న పాట మాటయేమి?

అయితే బ్లూస్ పాటయు మన పాటయు ఒక్కటియేయని చప్పట్లు కొట్టుట నాకు సమ్మతము కాదు. అచ్చట పాడువాడు "నేను" అనును. నా యిల్లాలు నన్ను విడిచినది, నా ఇంటిలోనికి నీరు వచ్చినది, నేను పోవుచున్నాను అని తన పేరనే చెప్పుకొనును. మన స్త్రీలు అట్లనరు. దంపుచు విసరుచు పాడు పాటలలో అడవికి పంపబడినది సీత, పదునాలుగేండ్లు నిద్రించినది ఊర్మిళ. తిరగలి పిడి పట్టిన యిల్లాలు తన అత్తింటి మాట ఒక్కటియు చెప్పదు. సీతమ్మ కష్టము చెప్పునప్పుడు మాత్రము గొంతు ఎందుకు జీరపోవునో వినువారికి తెలియును. ఏది గొప్పది యని తూకము వేయను. తన పేర చెప్పుకొనుటకు ఒక ధైర్యము కావలెను, సీత పేర దాచుకొనుటకు ఒక ఓర్పు కావలెను.

"నేను" అను మాట మన పాటలో గట్టిగా వినబడినది, నేనెఱిగినంతలో, రంగము పోయినవారి విషయమున. రంగమనగా రంగూను. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి మనవారు పొగయోడలెక్కి బర్మా బియ్యపు మరలకును ఓడరేవు పనికిని పోయిరి. మన కోరంగి రేవు పేరున అచ్చటివారు తెలుగువారిని కోరంగీలు అని పిలిచిరి. అది క్రమముగా తేలికమాట యైనది. మేస్త్రీ ముందు సొమ్మిచ్చి కూలీని తీసికొనిపోవును. కూలి మేస్త్రీ చేతిమీదుగనే అందును. ఓడ ఛార్జి, బయానా, వడ్డీ పట్టుకొనగా మిగిలినది కూలివానిది. చూచితిరా, మరల అదే ఆవర్జా! 1930 మేలో రేవు పనివారి సమ్మె తరువాత తెలుగు కూలీలకును బర్మీయులకును ఘర్షణ చెలరేగి రంగూనులో రక్తము ప్రవహించెను. 1942లో జపానువారు రాగా లక్షలాది భారతీయులు కొండలు అడవులు దాటి కాలినడకను వచ్చిరి. దారిలో వేలమంది కూలిరి. రంగము పోయి తిరిగిరాని మగనిని తలచుకొనుచు ముసలమ్మలు కూనిరాగము తీయుట నా చిన్ననాట వింటిని. అందులో సీత లేదు, ఊర్మిళ లేదు. ఓడ ఉన్నది, మేస్త్రీ ఉన్నాడు, రాని ఉత్తరము ఉన్నది.

ఇట్టివానిని ఏరినవారు లేకపోలేదు. 1874లో బాయిల్ అను దొర సర్వాయి పాపని కథ మొదలగు తెలుగు వీరగాథలను గూర్చి వ్రాసెను. మన గోదావరి సీమలో నేదునూరి గంగాధరముగారు పల్లెపల్లె తిరిగి పాటలు కూర్చిరి. ఆయన మిన్నేరు మన బీరువాలో ఉండవలసిన పుస్తకము. బిరుదురాజు రామరాజుగారు జానపదగేయములపై పరిశోధించి వానికి విశ్వవిద్యాలయమున పీట వేయించిరి. అమెరికాలో 1933లో లోమాక్సు తండ్రీకొడుకులు మూడు వందల పౌనులకు పైబడిన యంత్రమును కారులో వేసికొని చెఱసాలలకు పోయి ఖైదీల పాటలు పట్టిరి. వారు పాట ప్రక్కన పాడినవాని పేరు వ్రాసికొనుటచేతనే లెడ్‌బెల్లీ యను ఖైదీ పేరు లోకమునకు తెలిసెను. మన సంపుటములు పెక్కింటిలో పాట ఉన్నది, సేకరించినవారి పేరున్నది. పాడిన అమ్మ పేరు అరుదు.

1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలో పడవపై గ్రంథాలయము నడిపిరి. పుస్తకము మనిషియొద్దకు పోయెను. ఇప్పుడు మనిషి పాట పుస్తకమునకు రావలెను. మూడు వందల పౌనుల యంత్రముతో పని లేదు. ప్రతివాని జేబులోని ఫోను చాలును. కార్యవర్గమువారి అనుమతితో నేనొక దస్త్రము కుట్టించితిని. అందు మొదటి గడి పాడినవారి పేరు, రెండవది ఊరు, మూడవది ఏ పని చేయుచు పాడుదురో, నాలుగవది ఎవరియొద్ద నేర్చిరో, ఐదవది తేది. వ్రాసినవారి పేరునకు గడి పెట్టలేదు. దస్త్రము పత్రికల బల్ల ప్రక్కనున్న బీరువాలో ఉండును, తాళము గ్రంథపాలకునియొద్ద ఉన్నది. ఊడ్పులకు పోయినవారు శ్రావణము వెళ్ళిన పిమ్మట తిరిగి వత్తురు. అప్పటినుండి సాయంకాలము ఏడు గంటల తరువాత నేను ఇచ్చటనే ఉందును.